ఖాళీ ఆకాశానికి కాపలా



మా ఇల్లు విశాఖపట్నంలో ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దగ్గర. విమానాశ్రయం అక్కడికి ఎంతో దూరం లేదు. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు విమానం మోత వినబడితే చాలు, చేతిలో గరిటెతోనే పెరట్లోకి పరుగెత్తి తలెత్తి చూసేదాన్ని. మా అత్తగారు నవ్వేవారు. రాను రాను అదీ పాలవాడి కేకలాగా అలవాటైపోయింది. పొద్దుటి విమానం లేచిందంటే పిల్లల కారియర్లు సర్దే వేళ. రాత్రి విమానం దిగిందంటే పాలు తోడు పెట్టే వేళ. నాకు తెలిసిన విమానశాస్త్రం అంతే.

2020 మార్చి 25వ తేదీన ఆ మోత ఆగిపోయింది. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుల విమానాలు 22 నుంచే బంద్. 24 అర్ధరాత్రి నుంచి దేశంలో తిరిగేవి కూడా ఆగాయి. "పోనిద్దూ, విమానాలు ఎక్కేవాళ్ళెవరు? డబ్బున్నవాళ్ళ గొడవ" అనుకున్నాను నేను. కాలినడకన వందల మైళ్ళు పోతున్న కూలివాళ్ళను టీవీలో చూస్తూ ఇంకెలా అనుకుంటాం చెప్పండి?

ఆ మాట అన్నందుకు మూడు వారాలు తిరక్కుండానే నాలిక కరుచుకున్నాను. చైత్ర బహుళ ఏకాదశి నాడు, అంటే ఏప్రిల్ 18న, మా మామగారు పోయారు. కరోనా కాదు, గుండె. మా బావగారు, అంటే మావారి అన్నగారు, కువైట్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తారు. డబ్బున్నవారు కారు, విమానం ఎక్కక తప్పనివారు. మామూలు రోజుల్లో అయితే ఆ రాత్రే బయలుదేరి మర్నాటికి ఇంట్లో వుండేవారు. ఆ రోజు టికెట్టు దొరక్క కాదు, అసలు విమానమే లేదు. పెద్దకొడుకు చెయ్యవలసినది చిన్నకొడుకు చేశాడు. మా తోడికోడలు, బావగారు అక్కడ ఫోనులో చూశారు. ఫోను పట్టుకుని నిలబడ్డది నేనే. చెయ్యి వణికి బొమ్మ కదిలిపోతుంటే "కాస్త నిలకడగా పట్టుకో అమ్మా" అన్నారు బావగారు. అంతకంటే ఆయన మరొక్క మాట మాట్లాడలేదు.

అప్పటి నుంచీ నాకు ఈ విమానాల సంగతి తెలుసుకోవాలని పట్టుదల కలిగింది. నాలుగైదేళ్ళుగా చదివి, అడిగి తెలుసుకున్నవి ఇవాళ మీకు చెబుతాను.

మహమ్మారి రోగాలు కొత్తవి కావు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఓడల మీద బొంబాయి రేవులో దిగింది, అక్కడి నుంచి రైలుపట్టాల వెంట దేశమంతా పాకింది. మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు. ఆనాటికి ప్రయాణికుల విమానాలు లేవు. లండనుకూ పారిస్‌కూ మధ్య రోజువారీ విమానం 1919 ఆగస్టు 25న మొదలైంది. మన దేశంలో జె.ఆర్.డి. టాటాగారు కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం నడిపి తెచ్చింది 1932 అక్టోబరు 15న. ఆ మరుసటి ఏడే, 1933లో, హేగ్ నగరంలో కొన్ని దేశాలు కూర్చుని విమానాల ద్వారా అంటురోగాలు రాకుండా ఒక ఒడంబడిక రాసుకున్నాయి. అంటే విమానం నడక నేర్చిన కొత్తలోనే దాని వెనక జబ్బు కూడా వస్తుందని పెద్దలకు తోచిందన్నమాట! ఓడలో అయితే వారాల తరబడి ప్రయాణం. రోగం వుంటే నడిసముద్రంలోనే బయటపడేది, రేవులో ఆపేవారు. విమానంలో అలా కాదు. మనిషి దిగి, ఇంటికి వెళ్ళి, భోజనం చేసి, చుట్టాలను పలకరించిన తరవాత గానీ దగ్గు మొదలవదు. 2003లో సార్స్ జబ్బు వచ్చినప్పుడు ఇది కళ్ళారా చూశారు. హాంకాంగ్ విమానాలు నెలల తరబడి ఖాళీగా తిరిగాయి. ఐతే ఆ రోగం ఆ ఏడే అణిగిపోయింది, పాఠం కూడా దానితోపాటే అటకెక్కింది.

2020 సంగతి వేరు. ఏప్రిల్ నెలలో ప్రపంచం మొత్తం మీద విమాన ప్రయాణం అంతకుముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే నూటికి 94 వంతులు పడిపోయింది. 2019లో 450 కోట్ల ప్రయాణాలు జరిగితే 2020లో 180 కోట్లే. యుద్ధాలప్పుడు కూడా ప్రపంచమంతా ఒక్కసారిగా ఇలా ఆగింది లేదు.

ఇక్కడే నాకొక సందేహం వచ్చింది. విమానాలు లేవు గదా, మరి వాటికి దారి చూపించేవాళ్ళు ఏం చేస్తున్నారు? సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారా?

దారి చూపించడమంటే ఏమిటో కాస్త చెప్పాలి. కిందనుంచి చూస్తే ఆకాశం అంతా బయలే గానీ, పైన రోడ్ల లాంటి దారులున్నాయి, అంతస్తులున్నాయి. ఒక విమానానికీ దానిపైన పోయే మరోదానికీ మధ్య వెయ్యి అడుగుల ఎడం వుండాలి. ముందు వెనకల ఎడం వేరే. ఎవరు ఎంత ఎత్తున పోవాలి, ఎవరు ముందు దిగాలి అని రేడియోలో చెబుతూ వుండేవారిని కంట్రోలర్లంటారు. విమానాశ్రయంలో ఎత్తయిన గోపురం లాంటి మేడ కనిపిస్తుంది చూశారా, అక్కడ కొందరు. రాడార్ తెరల ముందు చీకటి గదుల్లో మరికొందరు. తన హద్దు దాటగానే విమానాన్ని పక్క కంట్రోలర్‌కు అప్పగిస్తారు, పెళ్ళిలో చంటిపిల్లను ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించినట్టు. ఈ ఏర్పాటు 1920లో లండన్ దగ్గర క్రాయిడన్ విమానాశ్రయంలో మొదలైందట. మన దేశంలో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై అని నాలుగు పెద్ద మండలాలు. బంగాళాఖాతం, అరేబియా సముద్రం మీద చాలా దూరం వరకు వీరిదే బాధ్యత. 2020లో మా విశాఖ విమానాశ్రయంలో ఈ పని నౌకాదళం వారు చూసేవారు.

సందేహానికి జవాబు ఏమంటే, వాళ్ళు ఒక్కరోజు కూడా తలుపు మూయలేదు. మందులు, ముక్కుగుడ్డలు, వైద్యుల సామాను మోసే విమానాలు తిరుగుతూనే వున్నాయి. మన పైనుంచి పరదేశాలకు పోయేవీ వున్నాయి. ఒక్క విమానం వచ్చినా దీపం వెలగాలి, గొంతు పలకాలి. ఇంట్లో ఒక్కరే భోంచేసినా పొయ్యి వెలిగించాల్సిందే గదా! పది మందికి వండినా, ఒక్కరికి వండినా పొయ్యి ముందు నిలబడే మనిషి మాత్రం తగ్గదు.

పైగా వారికి జబ్బు వస్తే? 2020 మార్చిలో అమెరికాలో ఇదే జరిగింది. షికాగోలో మిడ్‌వే అనే విమానాశ్రయంలో కంట్రోల్ టవర్‌లో పనిచేసే మెకానిక్కులకు కరోనా తేలింది. టవరు మూసేశారు. ఆ వెంటనే లాస్ వేగాస్‌లోనూ అదే పని. దూరాన వున్న మరో కేంద్రం వారు కొంత భారం మోశారు. టవరు లేని చోట పైలట్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటూ దిగారు. ఆ తరవాత చాలా దేశాల్లో కంట్రోలర్లను జట్లుగా విడగొట్టి, ఈ జట్టు ముఖం ఆ జట్టు చూడకుండా పని చేయించారు. పని అలవాటు తప్పితే కూడా ప్రమాదమే. రోజుకు వందలు చూసే కళ్ళకు నాలుగే కనబడుతుంటే చురుకు తగ్గదూ? అందుకని ఉత్తుత్తి విమానాలతో సాధన చేయించేవారు.

వాతావరణశాఖ వారికి కూడా ఇబ్బంది వచ్చిందంటే మీరు నమ్ముతారా? ఎగిరే విమానాలు పోతూ పోతూ గాలి వేగం, వేడి, చలి కొలిచి కిందకు పంపుతుంటాయి. విమానాలు ఆగేసరికి ఆ కొలతలు నూటికి 75 నుంచి 80 వంతులు తగ్గిపోయాయని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది.

ఇక డబ్బు. కంట్రోలర్ల జీతాలు చాలా దేశాల్లో సర్కారు ఖజానా నుంచి రావు. పైన పోయే ప్రతి విమానం దాని బరువును బట్టి, పోయే దూరాన్ని బట్టి సుంకం కడుతుంది. పాతకాలపు రోడ్డు మీద ఆశీలు వంటిది. బండ్లు ఆగితే ఆశీలు ఎక్కడ? యూరపులో విమానాలు నూటికి 90 వంతుల దాకా తగ్గాయి. ఉన్న కాసిని కట్టేందుకు కూడా విమాన కంపెనీల చేతిలో డబ్బులేదని 110 కోట్ల యూరోల దాకా బాకీకి గడువు ఇచ్చారు. పోయిన రాబడిని తరవాత అయిదు నుంచి ఏడేళ్ళ పాటు కొద్ది కొద్దిగా సుంకంలో కలిపి వసూలు చేసుకోవచ్చని 2020 చివరలో నిబంధన పెట్టారు. అంటే ఆ ఖాళీ ఆకాశానికి కాపలా కాసిన జీతాల్లో కొంత, ఆ తరవాత ఎక్కిన ప్రయాణికుల టికెట్లలోంచి వచ్చిందన్నమాట.

కంపెనీల గతి చెప్పనక్కరలేదు. బ్రిటన్‌లో ఫ్లైబీ అప్పటికే నీరసంగా వుంది, మార్చి 5న కూలింది. దక్షిణ అమెరికాలో ఏవియాంకా, లాటామ్ మే నెలలో దివాలా కోర్టుకు వెళ్ళాయి. జర్మనీ సర్కారు లుఫ్తాన్సాను నిలబెట్టడానికి 900 కోట్ల యూరోలు సర్దింది. అమెరికా సర్కారు ఉద్యోగుల జీతాల కోసం ప్రయాణికుల విమాన కంపెనీలకు 2500 కోట్ల డాలర్లు ఇచ్చి, సెప్టెంబరు ఆఖరు దాకా ఎవరినీ తీసెయ్యవద్దంది. మన దేశంలో కొన్ని కంపెనీలు ఉద్యోగులను తగ్గించాయి, ఎయిరిండియా జీతం లేని సెలవు పథకం పెట్టింది. మేము ఆ ఏప్రిల్‌లో తిరుపతి యాత్రకని కొన్న టికెట్ల డబ్బు ఒక కంపెనీ తిరిగి ఇవ్వక, "మీ పేర జమ వేశాం, ఏడాదిలోగా వాడుకోండి" అంది. ఇల్లు దాటడానికే దిక్కులేకపోతే జమ ఏం చేసుకోను? అక్టోబరు 1న సుప్రీంకోర్టు చెప్పిన తరవాత గానీ ఆ డబ్బు చేతికి రాలేదు.

ఒక వింత చెబుతాను. మార్చి మొదట్లో యూరపులో కొన్ని విమానాలు దాదాపు ఖాళీగా ఎగిరాయి. పిచ్చా అనుకోకండి. రద్దీ విమానాశ్రయాల్లో దిగే వేళ, లేచే వేళ కంపెనీలకు కేటాయించి వుంటాయి. నూటికి 80 సార్లు వాడుకోకపోతే ఆ వేళ మరొకరికి పోతుంది. కుళాయి దగ్గర వరసలో బిందె పెట్టి ఇంట్లోకి వెళ్తామే, బిందె తీస్తే వరస పోతుందని, అదీ సంగతి. ఆ నిబంధనను ఆ నెలలోనే పక్కన పెట్టారు కాబట్టి బతికిపోయారు.

ఎగరని విమానాలను ఎక్కడ పెట్టాలి? ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రన్‌వే మీదే వరసగా నిలిపారు. సింగపూర్ వారు తమ పెద్ద విమానాలను ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఆలిస్ స్ప్రింగ్స్‌కు పంపారు. చెమ్మ వుండదు, తుప్పు పట్టదు. పట్టుచీరలు పెట్టెలో పెట్టినట్టే, పెట్టి వదిలేస్తే కుదరదు. ఇంజన్లకు ముసుగులు కట్టాలి, సన్నని గొట్టాల్లో కందిరీగలు గూడు పెట్టకుండా చూడాలి, ఒకేచోట బరువు పడకుండా చక్రాలను తిప్పుతూ వుండాలి. అమెరికాలో విక్టర్‌విల్ అనే ఎడారి ఊళ్ళో క్వాంటాస్ కంపెనీ విమానాల చక్రాల దగ్గర విషసర్పాలు చేరేవట. అక్కడి ఇంజనీర్లు చీపురుకర్రతో చక్రాల మీద కొట్టి పాములను తరిమి మరీ పని మొదలుపెట్టేవారు! కోట్ల ఖరీదు విమానానికి చివరికి చీపురుకర్రే దిక్కయింది.

మన వాళ్ళను ఇళ్ళకు చేర్చిన సంగతి మరచిపోకూడదు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన ఎయిరిండియా అమ్మాన్ నుంచి లక్షమందికి పైగా భారతీయులను తీసుకొచ్చింది. ముప్ఫయ్యేళ్ళకు మళ్ళీ ఆ పని పడింది. 2020 మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. మే 9న కువైట్ నుంచి హైదరాబాదుకు ఒకటి వచ్చింది. గర్భిణులు, వృద్ధులు, ఉద్యోగం పోయినవారు, ఇంట్లో చావు జరిగినవారు ముందు. టికెట్టు డబ్బు మాత్రం ఎవరిది వారే పెట్టుకోవాలి. ఆ విమానాల్లో ఒకటి ఆగస్టు 7న దుబాయి నుంచి వచ్చి, వానలో కోళికోడ్‌లో దిగుతూ రన్‌వే దాటి లోయలో పడింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. ఆ ప్రాంతంలో అప్పుడు కరోనా కట్టడి. అయినా చుట్టుపక్కల జనం రోగభయం వదిలి, వానలో పరుగెత్తుకొచ్చి గాయపడ్డవారిని, తల్లుల నుంచి తప్పిపోయిన పిల్లలను సొంత కార్లలో ఆస్పత్రులకు చేర్చారు.

మా బావగారికి వంతు జూన్‌లో వచ్చింది. హైదరాబాదులో దిగి ఏడు రోజులు హోటలు గదిలో, ఆపైన మా ఇంట్లో మేడమీద గదిలో. తండ్రి మాసికం కింద వసారాలో జరుగుతుంటే ఆయన పైన కిటికీలోంచి చూశారు. మా అత్తగారు కింద నిలబడి పైకి, ఆయన పైన నిలబడి కిందకు.

దేశంలో విమానాలు మే 25న మళ్ళీ లేచాయి, మన ఆంధ్రలో 26న. మొదట మామూలులో మూడో వంతు మాత్రమే. నడిమి సీటులో కూర్చున్నవారికి ఆస్పత్రి గౌను లాంటిది తొడిగారు. ఆ మోత విని మా వీధి అంతా మేడలెక్కింది, నాతో సహా. 2021లో ఆ విమానాలే మనకు ప్రాణం పోశాయి. జనవరిలో పుణె నుంచీ, మన హైదరాబాదు నుంచీ టీకా మందు పెట్టెలు బయలుదేరాయి. ఏప్రిల్‌లో ఆక్సిజన్‌కు కటకట వచ్చినప్పుడు బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఖాళీ టాంకర్లను ఒడిశాకు పంపారు. నింపిన టాంకరును విమానంలో తేవడం ప్రమాదం కాబట్టి, పోయేటప్పుడు ఆకాశం మీద, వచ్చేటప్పుడు నేల మీద. అలా రోజుల ప్రయాణం కలిసొచ్చింది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. మూయడానికి ఒక రాత్రి చాలింది. తెరవడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. 2022 వేసవిలో జనం ఒక్కసారిగా ప్రయాణాలకు ఎగబడ్డారు. విమానాలున్నాయి, టికెట్లున్నాయి, మనుషులు లేరు. పెట్టెలు మోసేవారిని, తనిఖీ చేసేవారిని రెండేళ్ళ క్రితమే పంపేశారు. వాళ్ళు వేరే పనులు చూసుకున్నారు. అమెరికాలో ఎవరినీ తీసెయ్యవద్దని సర్కారు డబ్బిచ్చినా, ఎందరో పైలట్లను ముందే పదవీ విరమణ చేయించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బారులు వీధిలోకి వచ్చాయి. లండన్ హీత్రోలో రోజుకు లక్షమందికి మించి బయలుదేరడానికి వీల్లేదన్నారు. డెల్టా కంపెనీ ఒక విమానం నిండా తప్పిపోయిన పెట్టెలే వేసుకుని, ప్రయాణికులెవరూ లేకుండా, అట్లాంటిక్ దాటించింది. వెయ్యి పెట్టెలట!

కంట్రోలర్ల సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడింది. కొత్త కంట్రోలరు తయారు కావాలంటే రెండు మూడేళ్ళ శిక్షణ. 2020లో అమెరికాలో ఓక్లహామా శిక్షణాలయం నెలల తరబడి మూతపడింది. బ్రిటన్‌లో నేర్చుకుంటున్నవారిలో కొందరిని ఖర్చు తగ్గుతుందని ఇంటికి పంపారు. ఆనాడు ఆకాశం ఖాళీ, ఆ పిల్లలు లేని లోటు ఎవరికీ కనబడలేదు. 2023 వేసవిలో న్యూయార్కు మీద విమానాలు తగ్గించుకోమని అమెరికా సర్కారు సంస్థే కంపెనీలను అడగవలసి వచ్చింది, కంట్రోలర్లు చాలక. కొరత అంతకుముందు నుంచీ వున్నదే, మూసిన నెలలు దాన్ని ముదరబెట్టాయి. మన ఇళ్ళల్లో ఇంటిల్లిపాదీ ఊరు వెళ్ళినా ఒక గరిటెడు తోడు ఎక్కడో ఒకచోట దాచి పెడతాం. పెరుగు తినేవాళ్ళు లేరని తోడు కూడా తాగేస్తే, తిరిగి వచ్చిన రాత్రి పాలు ముందు పెట్టుకుని పక్కింటి తలుపు తట్టాలి. ఆ ఏడాది అందరిళ్ళల్లోనూ తోడు అయిపోయింది, తట్టడానికి తలుపు కూడా లేకుండా.

మా బావగారు 2020 చివరలో తిరిగి వెళ్ళారు. మన దేశం నుంచి నేరుగా కువైట్‌కు రానివ్వడం లేదు. దుబాయిలో పద్నాలుగు రోజులు వుండి, అక్కడి నుంచి వెళ్ళారు. 2021లో మామగారి సంవత్సరీకం మే 7న పడింది. ఏప్రిల్ 24న కువైట్ మన విమానాలను ఆపేసింది. మళ్ళీ ఫోను, మళ్ళీ నా చెయ్యి.

విదేశీ విమానాలు మామూలుగా తిరగడం 2022 మార్చి 27న మొదలైంది. ఆ ఏడు ఏకాదశి ఏప్రిల్ 26న వచ్చింది. రెండు రోజుల ముందే బావగారు, తోడికోడలు దిగారు. ఆయన వసారాలో పీట మీద కూర్చుంటే పైనుంచి విమానం పోయింది. మంత్రం వినబడక పురోహితుడుగారు ఆగారు. అది దాటిపోయిన తరవాత ఆ మంత్రం మళ్ళీ మొదటి నుంచి చెప్పించారు.